పిల్లి కళ్లు మూసుకొంటే

పరమ లోభిని గూర్చి "పిల్లికి కూడ బిచ్చం పెట్టడు" అంటాము. బరంపురములో మా పెరటికి వచ్చే చారల పిల్లికి మేము రెండేళ్లు బిచ్చం పెట్టినాము గాని, అది మమ్మల్ని దాతలుగా ఎన్నడూ గుర్తించలేదు. చేపతలలు నూతి గట్టు మీద పెట్టి, మేము లోపలికి వచ్చి తలుపు వేసిన తర్వాతనే గోడ దిగేది. మేము తెలుగులో పిలిచినా, ప్రక్కింటివారు ఒడియాలో "బిలేయి" అని పిలిచినా దానికి ఒకటే. ఎవరినీ దగ్గరకు రానిచ్చేది కాదు.

2023 జనవరిలో ఒక ఉదయము అది కట్టెల చాటున ముడుచుకొని కనబడినది. ముక్కు కారుతున్నది. కళ్లు పుసులతో అతుక్కొనిపోయినవి. ముందునాడు పెట్టిన చేపలకు చీమలు పట్టినవి.

మా అమ్మ గిన్నెతో పాలు తెచ్చినది. మా శ్రీమతి, పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు చేసే అలవాటున, పారాసెటమాల్ బిళ్లలో సగం పొడిచేసి పాలలో కలపబోయినది. ఎందుకైనా మంచిదని మేము ముందు పశువైద్యునికి ఫోను చేసినాము.

"అది వేస్తే పిల్లి బ్రతకదండీ" అన్నారాయన.

మనిషి కాలేయము ఆ మందును విరిచి బయటికి పంపగలదు. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలదు. ఒక్క బిళ్ల చాలు దాని ప్రాణము తీయడానికి. పాలు కూడ వద్దన్నారు. పెరిగిన పిల్లులలో చాలవాటికి పాలలోని చక్కెర అరగక విరేచనాలు పట్టుకొంటవట. మా యింటిల్లిపాది మంచి మనసూ కలిసి ఆ పూట దానిని చంపివుండేది!

"తీసుకొని రండి" అన్నారు. తేవడమెట్లా? ఆఫీసుకు "ఇంట్లో అనారోగ్యము" అని సెలవు చీటీ పంపినాము. అబద్ధము కాదు గదా. పాత దుప్పటి కప్పి పట్టి, మూతబుట్టలోకి దింపేసరికి మా ముంజేయి గీసి పెట్టినది. సబ్బుతో పదిహేను నిమిషాలు నీటిధార క్రింద కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోయి రేబీస్ టీకా మొదలు పెట్టించుకొన్నాము. పిల్లి గోటిగాటే కదా అని చదువరులు ఊరుకోరాదు.

అది పిల్లులకు వచ్చే జలుబు అన్నారు వైద్యులు. ఎక్కువగా హెర్పిస్, కాలిసి అనే రెండు జాతుల వైరసుల వల్ల వస్తుందట. పైన చేరిన సూక్ష్మజీవుల కోసము ఒక ఇంజెక్షను చేసి, కళ్లు కడిగి, ఆహారములో కలిపే మందు ఇచ్చినారు. "మందుకన్న తిండి ముఖ్యము. పిల్లి వాసన చూచి తింటుంది. ముక్కు మూసుకొంటే ఆకలీ మూసుకొంటుంది. కొన్నాళ్లు తినకపోతే కాలేయములో క్రొవ్వు పేరుకొని అదే ప్రాణము మీదికి తెస్తుంది" అన్నారు.

దానిని సామాన్ల గదిలో ఉంచినాము. వేడినీళ్ల గిన్నె దానికి అందని చోట పెట్టి, గదికి ఆవిరి పట్టించినాము. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తానికి చేటు గనుక అవి లేకుండ, ఉప్పు కూడ వేయక, గోపాల్‌పూర్ చేపను ఉడికించి, ముళ్లు తీసి, వెచ్చగా ముందు పెట్టినాము. రెండవనాటి రాత్రి నాలుగు ముక్కలు తిన్నది. మా అమ్మ దేవునికి దండము పెట్టినది.

రోజూ సాయంత్రము ఆఫీసునుంచి రాగానే మేము గుమ్మములో పీట వేసుకొని కూర్చునేవాళ్లము. చేయి చాచలేదు, కళ్లలోకి తేరిపార చూడలేదు. పత్రిక మెల్లగా పైకి చదివేవాళ్లము. మొదట బుసకొట్టినది. నాలుగవనాడు మేముండగానే తిన్నది. ఎనిమిదవనాడు మావైపు చూచి, మెల్లగా కళ్లు మూసి, మెల్లగా తెరిచినది.

"నాన్నా, మీరూ అట్లాగే చేయండి" అన్నది కాలేజీలో చదివే మా అమ్మాయి. 2020లో ఇంగ్లండులోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాలవారు దీనిని పరీక్షించినారట. మనిషి మెల్లగా కళ్లు అరమూస్తే పిల్లి కూడ అట్లే బదులిస్తుందనీ, చాచిన చేతికి దగ్గరగా వచ్చే అవకాశము హెచ్చుతుందనీ తేలినదట. పిల్లి కళ్లు మూసుకొని పాలు త్రాగుతూ తన్నెవరూ చూడడము లేదనుకొంటుందని మన సామెత. మా పిల్లి మాత్రము మేము చూస్తున్నామని తెలిసే కళ్లు మూసినది.

పన్నెండవనాడు తలుపు తెరిచినాము. వెనుదిరిగి చూడకుండ గోడ దూకి పోయినది. రెండు రాత్రులు రాలేదు. మూడవనాడు నూతి గట్టు మీద కూర్చొని వున్నది. మేము లోపలికి పోలేదు, అదీ పారిపోలేదు.

అయితే సంతానము కలుగకుండ ఆపరేషను చేయించమని వైద్యులు చెప్పి వున్నారు. మళ్లీ దుప్పటి కప్పితే సంపాదించిన కాస్త నమ్మకమూ పోదా? ఆలోచించి, ఆ మూతబుట్టనే తెరిచి పెరట్లో పెట్టి, నెలరోజులు అందులోనే చేప పెట్టినాము. ఒక ఉదయము తనంతట తానే లోపలికి పోయినది. మూత వేసేటప్పుడు మా చేయి వణికినది. ఆపరేషను అయినదనడానికి గుర్తుగా చెవి కొన కత్తిరించి పంపినారు. ఆ తర్వాత ఐదు రోజులు అలిగినది; ఆరవనాడు వచ్చినది.

పిల్లికూనలు మనుషులకు సులభముగా అలవాటుపడేది పుట్టిన రెండవ వారమునుంచి ఏడవ వారము దాకానట. మా పిల్లికి ఆ వయసు ఎప్పుడో దాటినది. ఒడిలోకి రాదు, ఎత్తుకోనివ్వదు. మేము పీట వేసుకొంటే మాత్రము మూరెడు దూరములో కూర్చొని కళ్లు మూసుకొంటుంది. ఆ మూరెడు మేమూ జరుగము. అది దాని హక్కు.