పదమూడేళ్ళ బాధ్యత

సేవ చేయడానికి పెద్దవాళ్ళమే కావాలా? చేతినిండా డబ్బు ఉండాలా? ఈ ప్రశ్నలకు యూదుల ఆచారాలలో మంచి సమాధానం దొరుకుతుంది.

యూదులు మన దేశానికి ఎన్నో శతాబ్దాల క్రితమే వచ్చారు. కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయేలులు, కేరళలోని కొచ్చిన్ యూదులు, బొంబాయి, కలకత్తాలలో స్థిరపడిన బాగ్దాదీ యూదులు వీరిలో ముఖ్యులు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే కొన్ని కుటుంబాలు కూడా యూదు ధర్మాన్ని పాటిస్తున్నాయి. మన బెంగళూరులో యూదుల సంఖ్య ఎప్పుడూ స్వల్పమే. అయినా ఇక్కడ వారి శ్మశానవాటిక ఉంది. అది 1904 నాటిది.

హీబ్రూ భాషలో దానాన్ని 'సెదాకా' అంటారు. 'న్యాయం' అనే అర్థంగల ధాతువు నుంచి ఈ మాట పుట్టింది. అంటే లేనివారికి ఇవ్వడం కేవలం దయ కాదు, చేసి తీరవలసిన ధర్మం. దానం పుచ్చుకొనే పేదవాడు కూడా తనకున్న దానిలో కొంత ఇవ్వాలని వారి శాస్త్రం చెబుతుంది. అందుకే చాలా యూదుల ఇళ్ళలో ఒక చిన్న డబ్బా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించే ముందు పిల్లలు సైతం అందులో నాణేలు వేస్తారు. 12వ శతాబ్దానికి చెందిన మైమోనిడీస్ అనే పండితుడు దానాన్ని ఎనిమిది మెట్లుగా విభజించాడు. ఎదుటివాడు తన కాళ్ళమీద తాను నిలబడేటట్లు తోడ్పడటం వాటిలో అన్నిటికన్నా పై మెట్టు.

యూదు బాలుడికి 13 ఏళ్ళు నిండగానే 'బార్ మిత్స్వా' జరుగుతుంది. బాలికకు సాధారణంగా 12 ఏళ్ళకు జరిగే వేడుకను 'బాత్ మిత్స్వా' అంటారు. అప్పటినుంచి తమ మంచిచెడులకు వారే బాధ్యులు. సామూహిక ప్రార్థనకు పదిమంది ఉండాలి. పాత సంప్రదాయం ప్రకారం 13 నిండిన బాలుడు ఆ లెక్కలోకి వస్తాడు. ఒక ఊళ్ళో పెద్దవాళ్ళు తొమ్మిదిమందే ఉన్నారనుకోండి. ఆ బాలుడు ఇంట్లో కూర్చుంటే సామూహిక ప్రార్థన జరగదు. చిన్న సమాజంలో ఒక్క పిల్లవాడి రాక ఎంత విలువైనదో చూశారా!

రోగులను పరామర్శించడం కూడా వారికి విధి. ఇటీవలి దశాబ్దాలలో అనేక దేశాల యూదు బాలబాలికలు ఈ వేడుకతో పాటు ఒక సేవాకార్యక్రమం కూడా చేపడుతున్నారు. కొందరు వృద్ధులకు పుస్తకాలు చదివి వినిపిస్తారు. కొందరు పేదలకోసం ఆహారం, దుస్తులు సేకరిస్తారు.

చిన్ననాటి సంకల్పం ఎంత దూరం తీసుకుపోతుందో మన శివమొగ్గలో పుట్టిన జెరూషా ఝిరాద్ జీవితం చెబుతుంది. ఆమె బెనె ఇజ్రాయేలు కుటుంబానికి చెందినవారు. చిన్నతనంలో అక్కకు జబ్బుచేసి బొంబాయి కామా ఆసుపత్రిలో నయమయింది. అది చూసి తాను కూడా వైద్యురాలు కావాలని ఆమె నిశ్చయించుకున్నారు. 1913లో స్త్రీలు, పిల్లల మేలుకోసం 'స్త్రీ మండల్' స్థాపనలో పాలుపంచుకున్నారు. ఇంగ్లండులో ఉన్నత వైద్యవిద్య చదివారు. 1920లలో కొంతకాలం బెంగళూరులో పనిచేశారు. తరువాత అదే కామా ఆసుపత్రికి అధిపతి అయ్యారు. ఆమె వైద్యం పొందినవారు ఒక మతంవారు కారు. 1966లో ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది.

తెలుగునేలకు దూరంగా పెరుగుతున్న మీకు కూడా కొద్దిమంది సమాజం అంటే ఏమిటో తెలుసు. మీ వీధిలో కన్నడం చదవడం రాని తెలుగు ముసలివారు ఉండవచ్చు. ఆసుపత్రి చీటీ చదివి చెప్పడానికి మీ వయస్సు చాలు. అలాగే మీ పొరుగున ఉన్న ఇతర భాషలవారికి కూడా మీ సాయం అందాలి.