జామకాయ కోసం తుపాకీయా?

కొండపల్లి అనగానే మీకు బొమ్మలు గుర్తొస్తాయి. తెల్లపొణికి కర్రతో చేసిన దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు. మా ఇంట్లో మాత్రం కొండపల్లి అంటే ఉడతలు! ఖిల్లా కొండకీ, వెనకాల ఉన్న అడవికీ దగ్గర కాబట్టి మా వీధిలో ఏ పెరట్లో చూసినా అవే. పొద్దున్నే కిచకిచ, మధ్యాహ్నం కిచకిచ.

మీ ఇంట్లోనూ ఈ గొడవ ఉండే ఉంటుంది. వేసవిలో గుమ్మడి వడియాలు పెట్టి ఇలా లోపలికి వెళ్లి అలా వచ్చేసరికి చీర మీద సగం ఖాళీ. ఎండబోసిన వేరుశెనగ పప్పులు మాయం. అటక మీద పాత పరుపు చింపి దూది లాక్కుపోతాయి. తాడు మీద ఆరేసిన తువ్వాలు అంచులు కొరుకుతాయి. మోటారు వైరు కొరికితే ఆ రోజు ట్యాంకులోకి నీళ్లు ఎక్కవు. ఇక జామచెట్టు సంగతి చెప్పక్కర్లేదు. కాయ దోరగా అయిందో లేదో, మనకంటే ముందు వాటికే తెలుస్తుంది.

ఉడతలు పాపం, అమాయకపు ప్రాణులు, ఏమీ పాడు చెయ్యవు అని నేను అనను. చేస్తాయి. కానీ వాటిని కాల్చి చంపటం సరైనదేనా? ఈ ప్రశ్న నేనెందుకు అడుగుతున్నానంటే, ఒకసారి ఆ పని నేనే చేయించాను.

నేను చేసిన పని

ఓ సంక్రాంతి సెలవులకి మా అన్నయ్య కొడుకు మా ఇంటికి వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. వస్తూ వస్తూ ఎయిర్ గన్ తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో నేను మంచి కోపం మీద ఉన్నాను. ఆ ఏడు చెట్టు విరగకాసింది. ఏం లాభం? రోజూ పొద్దున లేచేసరికి చెట్టు కింద సగం కొరికిన జామకాయలు పదీ పన్నెండూ పడుంటున్నాయి.

"అత్తా, కొట్టనా?" అన్నాడు వాడు, చెట్టు మీద తిరిగే ఉడతని చూపించి.

"కొట్టరా, పీడా పోతుంది" అన్నాను. వంటింట్లోంచి, చేతిలో పిండి ముద్దతో, కనీసం వెనక్కి తిరిగి చూడకుండా అన్నాను.

దెబ్బ తగిలింది కానీ ప్రాణం పోలేదు. వెనక కాళ్లు రెండూ పడిపోయి, ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ తులసికోట వెనక్కి పోయింది. వాడు తుపాకీ కింద పడేసి నా వైపు చూశాడు. ఏం చెయ్యాలో నాకూ తెలియలేదు. చాలాసేపటికి గాని అది కదలటం మానలేదు. మా అత్తయ్యగారు వచ్చి చూసి, "చెట్టు మీద కాయ మళ్లీ కాస్తుందమ్మాయ్" అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయారు.

సాయంత్రం స్నానాలగది వెంటిలేటర్ లోంచి సన్నగా కీచుమని శబ్దం. స్టూలు వేసుకుని చూస్తే కొబ్బరి పీచు, దూది, నా పాత జాకెట్టు గుడ్డ పేలికలతో గూడు. అందులో కళ్లు తెరవని పిల్లలు మూడు. సిరా పోసే ఫిల్లరుతో పాలు పట్టాం, దూదిలో పెట్టి దీపం దగ్గర వెచ్చగా ఉంచాం. మర్నాటికి రెండు పోయాయి. మూడోది ఇంకో రోజు ఉంది.

అసలు దెబ్బ అది కూడా కాదు. ఆ మర్నాడు పొద్దున చెట్టు కింద చూస్తే మళ్లీ పది కాయలు!

ఇంతకీ తిన్నదెవరు?

ఆ రాత్రి మావారు, నేను టార్చిలైటు వేసుకుని అరుగు మీద కూర్చున్నాం. తొమ్మిది దాటాక వచ్చాయి గబ్బిలాలు. ఒకదాని తర్వాత ఒకటి కాయ కొరికి ఎగిరిపోతున్నాయి. నేను ఉడతకి వేసిన శిక్షలో సగానికి పైగా నేరం వాటిదే.

అందుకని మీరు ముందు దొంగ ఎవరో తేల్చుకోండి. ఉడత పగటి జీవి. చీకటి పడ్డాక గూట్లో ఉంటుంది. సాయంత్రం చెట్టు కింద శుభ్రంగా ఊడ్చి పెట్టండి. తెల్లవారేసరికి కాయలు రాలి ఉంటే అది ఉడత పని కాదు. గబ్బిలం పండు రసం పీల్చి పిప్పిని ఉండలా ఉమ్మేస్తుంది, గోడల మీద మరకలు చేస్తుంది. చిలక ముక్కుతో పెళ్లగించి, రెండు ముక్కలు తిని కాయ పారేస్తుంది. ఉడత కొరికిన చోట సన్నటి పంటి గాట్లు ఉంటాయి. ఎలుక రాత్రిపూట వస్తుంది.

ఇంకో జాగ్రత్త. కొరికి ఉన్న పండుని ఆ ముక్క కోసేసి పిల్లలకి పెట్టటం మనకి అలవాటు. ఆ పని చెయ్యకండి. 2018లో కేరళలోని కోళిక్కోడ్ వైపు నిపా జ్వరం వచ్చినప్పుడు గబ్బిలాలు కొరికిన పళ్లు తినవద్దని డాక్టర్లు హెచ్చరించారు. కొరికిన కాయ ఎవరు కొరికిందైనా సరే, గోతిలో పాతెయ్యండి.

అక్కడ కాలుస్తారు కదా అంటే

ఇంగ్లండులో ఉడతల్ని కాల్చటం మామూలేనని మావారి స్నేహితుడొకాయన వాదించారు. నిజమే. కానీ ఆ కథ వేరు. అక్కడి సొంత ఉడత ఎర్రది. 1876లో అమెరికా నుంచి బూడిదరంగు ఉడతల్ని తెచ్చి వదిలారు. అవి పెరిగిపోయి, ఎర్రవాటికి ప్రాణాంతకమైన జబ్బు అంటించి, వాటి తిండి తినేసి, చెట్ల బెరడు ఒలిచి అడవుల్ని పాడుచేశాయి. సొంత ఉడతని కాపాడుకోవటానికి అక్కడివాళ్లు పరాయిదాన్ని కాలుస్తున్నారు. దాని మీద కూడా అక్కడ అందరిదీ ఒకే మాట కాదు.

మన ఉడతే ఇంకో దేశం వెళితే అక్కడ పరాయిదవుతుంది. 1898లో మన దేశపు అయిదు చారల ఉడతల్ని ఆస్ట్రేలియాలోని పెర్త్ జంతుప్రదర్శనశాలకి తీసుకెళ్లారు. అక్కణ్ణించి బయటపడి, ఇప్పుడు అక్కడ అవి తోటల పీడ. అదే జీవి ఇక్కడ మన చెట్ల మధ్య, మన పిల్లులూ పాములూ డేగల మధ్య పుట్టి పెరిగింది. దాని లెక్క ఈ నేలకి తెలుసు. పళ్లతో పాటు పురుగుల్నీ తింటుంది. పిల్లి గోడెక్కినా, పాము కుళాయి దగ్గరికి వచ్చినా ఆపకుండా అరిచి చెబుతుంది. కొండ దగ్గర ఊళ్లో ఉన్నవాళ్లకి ఆ కేక విలువ తెలుసు.

అన్నిటికీ మించి, కాల్చటం వల్ల లాభం లేదు. ఒక ఉడత పోతే దాని చోటు ఖాళీగా ఉండదు. పక్కింటి మామిడిచెట్టు మీది ఉడత వారం తిరిగేలోగా మీ చెట్టు మీదికి వస్తుంది. ఎన్నిటినని కాలుస్తాం?

చట్టం మాట

"చిన్న ఎయిర్ గన్ కి లైసెన్సు అక్కర్లేదత్తా" అన్నాడు మావాడు. తుపాకీకి లైసెన్సు అక్కర్లేకపోవటం వేరు, ప్రాణం తియ్యటానికి అనుమతి ఉండటం వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో హాని చేసే జంతువులని ఒక జాబితా ఉండేది. కాకి, పళ్లు తినే గబ్బిలం, ఎలుక, చిట్టెలుక అందులో ఉన్నాయి. ఉడత లేదు. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. ఇప్పుడు ఏదైనా జంతువుని పీడ అనాలంటే కేంద్ర ప్రభుత్వం ఫలానా చోట, ఫలానా కాలానికి అని ప్రకటించాలి. 2015లో బీహారులో నీల్‌గాయ్‌లని, 2016లో హిమాచల్ ప్రదేశ్‌లో కోతుల్ని అలా ప్రకటించారు. అదీగాక, మూగజీవుల్ని హింసించకూడదని 1960 నుంచీ వేరే చట్టం ఉంది. కాళ్లు పడిపోయి ఈడ్చుకుంటూ పోయిన ఉడతని చూశాక హింస అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అరుణాచల్ ప్రదేశ్‌లో వేట ఎక్కువై పక్షులు తగ్గిపోతుంటే, 2021లో ఎయిర్ గన్‌లు తెచ్చి అప్పగించమని ప్రభుత్వం అడిగింది. జనం తమంతట తామే వందలకొద్దీ తెచ్చిచ్చారు. ఆ వార్త చదివాక మావాడి తుపాకీ గురించి మళ్లీ ఆలోచించాను. ఇళ్ల మధ్య పేలిస్తే ఆ గుండు పక్కింటి పిల్లాడి కంటికి తగిలితే?

కాయలు దక్కాలంటే

తుపాకీ పక్కన పెట్టాక మేము చేసినవి, పనికొచ్చినవి చెబుతాను.

వడియాలు: నవారు మంచం మీద పెట్టి, పైన పాత దోమతెర కప్పి, అంచుల మీద వరసగా ఇటికరాళ్లు పెట్టండి. తెర వడియాలకి తగలకుండా మధ్యలో రెండు చెంబులు బోర్లించండి.

జామ, దానిమ్మ: కాయ నిమ్మకాయంత కాగానే సంచి కట్టాలి. పాత పంచె గుడ్డ సంచి గబ్బిలాలకీ, పండు ఈగకీ చాలు. ఉడత గుడ్డ కొరుకుతుంది. దానికి కిటికీలకి కొట్టే అల్యూమినియం దోమల జాలీ ముక్కలు మడిచి, అంచులు తీగతో కుట్టి జేబులా చెయ్యండి. ఒకసారి చేసుకుంటే మూడు నాలుగేళ్లు వస్తాయి. చెట్టంతా కప్పక్కర్లేదు, చేతికి అందే కొమ్మలకి చాలు.

కొబ్బరి: నేల నుంచి ఆరడుగుల పైన, అడుగున్నర వెడల్పు జింకు రేకు మాను చుట్టూ తీగతో బిగించండి. గోళ్లకి పట్టు దొరకదు. అయితే పక్క చెట్టు మట్టలు, ఇంటి కప్పు, కేబుల్ వైరు దగ్గరగా ఉంటే అక్కణ్ణించి దూకేస్తాయి. చుట్టూ ఆరేడు అడుగులు ఖాళీ ఉండేలా కొమ్మలు కొట్టించాలి.

మొక్కలు: ఎండుమిరపకాయలు, వెల్లుల్లి నూరి, నీళ్లలో కలిపి, వడకట్టి చల్లితే ఉడతలకి ఘాటు తగులుతుంది. వాన పడితే మళ్లీ చల్లాలి. పిల్లలు తిరిగే చోట జాగ్రత్త. కాయలు కడిగి తినండి.

గూడు: వెంటిలేటర్‌లో గూడు కనిపిస్తే వెంటనే లాగెయ్యకండి. ఒక్కో ఈతకి రెండు మూడు పిల్లలు ఉంటాయి, తల్లిపాలు మానటానికి రెండున్నర నెలలు పడుతుంది. అవి వెళ్లిపోయాక శుభ్రం చేసి జాలీ కొట్టించండి. మళ్లీ రావు.

చెయ్యకూడనివి: ఎలుకల మందు పెట్టవద్దు. ఉడత తినేలోపు కోడి తింటుంది, లేదా పాకే పిల్లాడి చేతికి దొరుకుతుంది. జిగురు అట్టలు అసలే వద్దు. పొరపాటున ఏదైనా అతుక్కుంటే లాగకుండా, వంట నూనె కొద్ది కొద్దిగా రాస్తే ఊడి వస్తుంది. బోనులో పట్టి దూరంగా వదిలితే పాపం ఉండదనుకుంటాం. గూట్లో పిల్లలుంటే అదీ చంపటమే.

తోటవాళ్ల సంగతేమిటి?

"నీకు నాలుగు జామకాయలు, మాకు పంట" అంటుంది పెదవేగి వైపు ఉన్న మా పిన్ని కూతురు. వాళ్లకి కొబ్బరితోటలో అంతరపంటగా కోకో ఉంది. కాయకి కన్నం పడితే డబ్బు పోయినట్టే. ఆమె బాధ నిజమైనదే. కానీ అక్కడ కూడా తుపాకీ కంటే కన్ను ముఖ్యం. కోకో కాయకి తొడిమ దగ్గర కన్నం ఉంటే సాధారణంగా ఎలుక, మధ్యలో ఉంటే ఉడత. ఎలుక పచ్చికాయల్ని కూడా వదలదు. ఉడత పండిన కాయ జోలికే వస్తుంది. అందుకని పండిన కాయని చెట్టు మీద ఉంచకుండా ఎప్పటికప్పుడు కోసేస్తే ఉడత నష్టం చాలావరకు తగ్గుతుంది. పది పదిహేను రోజులకోసారి కోత పెట్టుకున్నాక తనకీ నష్టం తగ్గిందట. అయినా కొంత పోతూనే ఉంది, ఆ మాటా ఒప్పుకోవాలి.

మన పెరట్లోనూ అదే సూత్రం. జామకాయ దోరగా ఉన్నప్పుడే కోసి, బియ్యం డబ్బాలో పెడితే రెండు రోజుల్లో పండుతుంది. ఎక్కువైతే పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి రోటి పచ్చడి చేసుకోండి.

వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడత కథ వాల్మీకి రామాయణంలో లేదు. మన తెలుగు రంగనాథ రామాయణంలో ఉంది. ఉడతాభక్తి అన్న మాట మనం రోజూ వాడుతూనే ఉంటాం. చందా ఇచ్చేటప్పుడు గుర్తొచ్చే ఆ ఉడత, జామచెట్టు మీద కనిపించేసరికి నాకు గుర్తు రాలేదు.

ఇప్పుడు మా చెట్టుకి కింది కొమ్మలన్నిటికీ సంచులు ఉంటాయి. పై కొమ్మకి కట్టం. నిచ్చెన అందక కాదు, అత్తయ్యగారు కట్టనివ్వరు. తుపాకీ మా అన్నయ్య ఇంట్లో అటక మీద ఉంది. మావాడు ఇప్పుడు ఉద్యోగస్తుడు. పండగకి వచ్చినప్పుడు కింది కొమ్మకి సంచులు కట్టేది వాడే. ఆ రోజు సంగతి వాడూ ఎత్తడు, నేనూ ఎత్తను.

మీ పెరట్లో కొరికిన కాయ కనిపిస్తే, ముందు ఒక రాత్రి టార్చిలైటు పట్టుకుని కూర్చోండి. మీ ఇంటి పిల్లాడెవరైనా "కొట్టనా?" అని అడిగితే, వెనక్కి తిరిగి వాడి మొహం చూసి జవాబు చెప్పండి.