దొంతర మీద నడిచే భాష

ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో బోరుబావుల సేద్యం విస్తారంగా ఉన్నది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ రాష్ట్రంలో సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, కరెంటు ఉన్నంతసేపూ మోటార్లు వాటంతట అవే నడిచి భూగర్భ జలం అడుగంటుతుందన్న భయంతో, ఆటో స్టార్టర్లు తీసివేయవలసిందిగా ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు వచ్చే తీరు మారితే మోటారు పాటించవలసిన నియమమూ మారుతుందనడానికి ఇది మంచి నిదర్శనం. ఫోను చేస్తే మోటారును నడిపించి, మూడు ఫేజులలో ఒకటి పోయినా, బోరులో నీరు తగ్గినా వైండింగు కాలకముందే ఆపివేసే మొబైల్ స్టార్టర్లలో ఆ నియమాలను అమలుచేసేది మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు. ఇలా ఒక యంత్రంలో ఇమిడిపోయి, దాని పని కోసమే ఉండే కంప్యూటరును ఎంబెడెడ్ సిస్టం అంటారు.

ఇటువంటి చిప్పులకు ప్రోగ్రాములు సాధారణంగా సి భాషలో వేరొక కంప్యూటరు మీద రాసి, యంత్రభాషలోకి మార్చి, ఆపైన చిప్పులోకి ఎక్కిస్తారు. చిన్న సవరణకైనా ఆ తతంగమంతా మళ్ళీ జరగవలసిందే. ఈ ఇబ్బంది లేని భాష ఫోర్త్. చార్లెస్ మూర్ రూపొందించిన ఈ భాష 1970 ప్రాంతంలో అమెరికాలోని కిట్ పీక్ రేడియో టెలిస్కోపును నడపడంతో వెలుగులోకి వచ్చింది. ఇందులో అంకెలన్నీ స్టాక్ మీద, అంటే పళ్ళేల దొంతరలా చివర పెట్టినది ముందు తీసే జాగా మీద నిలుస్తాయి. 3, 4 అని రాసి ఆ తరువాత కూడిక గుర్తు పెడితే, ఆ గుర్తు పైనున్న రెండింటినీ తీసుకుని 7ను తిరిగి పెడుతుంది. ముందు వస్తువులు, చివర క్రియ వచ్చే ఈ వరుస తెలుగు వాక్యానికి అలవాటైనదే.

ఫోర్త్ ప్రోగ్రామంటే చిన్న చిన్న పదాలను నిర్వచించి, వాటితో పెద్ద పదాలను కట్టడం. ఫేజులు చూసే పదం ఒకటి, మోటారు ఆపే పదం ఒకటి తయారైతే, ఆ రెండింటితో మోటారును కాపాడే మూడో పదం పుడుతుంది. ఈ భాష చిప్పులోనే కాపురముంటుంది గనుక బోరు దగ్గరే ల్యాప్‌టాప్ తగిలించి, ఒక్కొక్క పదాన్నీ టైపు చేసి, రిలే అనే స్విచ్చు పడుతున్నదో లేదో అక్కడికక్కడే చూసి, తప్పుంటే ఆ పదాన్నే మళ్ళీ నిర్వచించవచ్చు. వేగం కన్నా, పొదుపు కన్నా ఈ గుణమే ఫోర్త్‌కు అసలైన బలం, ఎందుకంటే పొలంలో కరెంటు ఎలా వస్తుందో, బోరు ఎంతసేపు పోస్తుందో ప్రయోగశాలలో తెలియదు.

పొదుపూ తక్కువదేమీ కాదు. 32 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్ మాత్రమే ఉండే ఆర్డుయినో ఉనో బోర్డు చిప్పులో ఫోర్త్ రూపమైన ఫ్లాష్‌ఫోర్త్ పనిచేస్తుంది. ఆర్మ్ కార్టెక్స్-ఎమ్ చిప్పులకు మెక్రిస్ప్-స్టెల్లారిస్ అనే ఫోర్త్ ఉన్నది. 2014 నవంబరు 12న తోకచుక్క మీద దిగిన ఫిలే నౌకలో ఫోర్త్‌కు అనువుగా, స్టాక్ పద్ధతిలోనే తయారైన ఆర్‌టీఎక్స్ 2010 ప్రాసెసర్లు పనిచేశాయి. అంత దూరం పోనక్కరలేదు: నేటి సిమ్ కార్డులలో అత్యధికం జావా కార్డ్ పద్ధతివి, ఆ పద్ధతిలోని ఆదేశాలు స్టాక్ మీదే నడుస్తాయి. విలువలు ఎక్కడున్నాయో ప్రతి ఆదేశంలోనూ చెప్పనవసరం లేదు కనుక ఆదేశాలు పొట్టిగా ఉండి, చిన్న జాగాలో ఇముడుతాయి. అంటే సిమ్‌తో పనిచేసే స్టార్టరు డబ్బాలోకి దొంతర పద్ధతి, ఫోర్త్ రూపంలో కాకపోయినా, ఇప్పటికే చేరినట్టే.

అయితే దొంతర మీద రెండు ఉండవలసినచోట ఒకటే ఉన్నా, ఒత్తిడి అంకె స్థానంలో నీటిమట్టం అంకె పెట్టినా ఫోర్త్ ముందుగా అడ్డుచెప్పదు. సి తెలిసినవారు దొరికినంత సులభంగా ఫోర్త్ తెలిసినవారు దొరకరు. ప్రోగ్రాములో తప్పు దొర్లే వీలు ఎప్పుడూ ఉంటుంది, అందువల్ల ఏ భాషలో రాసినా, మోటారు ఎక్కువ కరెంటు లాగినప్పుడు వేడికి పడిపోయే ఓవర్‌లోడ్ రిలేను స్టార్టరులోంచి తీసివేయకూడదు. ప్రోగ్రాము తప్పినా అది తన పని తాను చేస్తుంది.