ఫిట్‌గా ఉన్నా దోమ వదలదు!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తమ్ముళ్లు తరచూ అడుగుతుంటారు: ‘అన్నా, ఆఫ్రికాలో ఆఫరొచ్చింది, వెళ్లొచ్చా?’ వెళ్లండి. కానీ ‘రోజూ జిమ్ చేస్తా, మలేరియా నన్నేం చేస్తది’ అనుకోవద్దు.

ఫుట్‌బాల్ స్టార్ అబమెయాంగ్ ఫ్రాన్స్‌లో పుట్టాడు. 2021లో తండ్రి దేశం గాబన్ తరఫున ఆడి వచ్చాక మలేరియాతో లండన్‌లో ఆసుపత్రి పాలయ్యాడు. 2010లో ద్రోగ్బాకూ మలేరియా తప్పలేదు. కండబలం వేరు, మలేరియాను తట్టుకునే శక్తి వేరు. పదేపదే జ్వరాలొచ్చిన స్థానికులకు అది కొంత వస్తుంది. కొన్నేళ్లు దేశం వదిలితే తగ్గిపోతుంది.

మరి తప్పించుకోలేమా? చాలావరకు తప్పించుకోవచ్చు.

• నెల ముందే డాక్టర్‌ను కలవండి. నివారణ మాత్రలు బయల్దేరకముందే మొదలుపెట్టాలి. తిరిగొచ్చాక కూడా, మాత్రను బట్టి వారం నుంచి నాలుగు వారాలు వేసుకోవాలి.

• సాయంత్రం నుంచి తెల్లారేదాకా నిండు చేతుల చొక్కా, ఒంటికి దోమల క్రీమ్, పడుకుంటే దోమతెర.

• యెల్లో ఫీవర్ టీకా మలేరియాను ఆపదు.

• తిరిగొచ్చాక జ్వరమొస్తే అదే రోజు రక్తపరీక్ష. ఎక్కడికెళ్లొచ్చారో డాక్టర్‌కు చెప్పండి.

ఆఫర్ లెటర్‌పై సంతకానికి ముందు జీతంతోపాటు ఇదీ అడగండి: ‘మాత్రల ఖర్చు, ఆరోగ్య బీమా కంపెనీదేనా?’