తొలి కాన్పు: తలచిన తీరు మారినప్పుడు

తెలుగునాట తొలి కాన్పు పుట్టింటి వారి బాధ్యత. సీమంతము జరిపి, చేతులనిండ గాజులు తొడిగి, కూతురిని పుట్టింటికి తోడ్కొని వత్తురు. నాటినుండి ఆ యింట ఏర్పాట్లు ఆరంభమగును. పాత నూలుచీరలు ఉదికి, ఎండబెట్టి, పొత్తిగుడ్డలు సిద్ధము చేయుదురు. అటకమీది ఉయ్యాలను దింపి తుడుతురు. కాన్పు ఎన్నటికి, ఎక్కడ, ఎవరి చేతిమీదుగా అని ఇంటిల్లిపాదియు ఒక లెక్క వేసికొందురు. ఇది మంచి పద్ధతియే. అయితే కాన్పు అన్నివేళల మన లెక్క ప్రకారము జరుగదు. అట్లు జరుగనప్పుడు తల్లిని, బిడ్డను కాపాడునది ఇంటివారి నిబ్బరము, సకాలమున చేసిన నిర్ణయము.

ఏ గ్రామమునందైనను జరుగదగిన ఒక ఉదాహరణమును గమనింతము.

ఒక యిల్లాలు తొలిచూలు గర్భిణి. భర్త పట్టణమున ఉద్యోగి. ఆమె నెలనెలా పరీక్షలు తప్పక చేయించుకొన్నది. 2016వ సంవత్సరమునుండి దేశమంతట ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యాలయములలో గర్భిణులకు జరుగుచున్న ఉచిత పరీక్షలకు సైతము వెళ్లినది. రక్తపు పోటు సరిగా నున్నది, రక్తహీనత లేదు, బిడ్డ తల క్రిందుగనే యున్నది. ఊరికి చేరువనున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనే సుఖముగా కాన్పు కాగలదని డాక్టరు చెప్పగా అందరును సంతోషించిరి.

ఒకనాటి సాయంకాలము నొప్పులు మొదలయ్యెను. రాత్రి గడిచినది. తెల్లవారుజామున నర్సు బిడ్డ గుండెచప్పుడును మరల మరల లెక్కించినది. నిమిషమునకు 110 మొదలు 160 వరకు ఉండవలసిన చప్పుడు ప్రతి నొప్పి తరువాత అంతకు తగ్గుచు, కోలుకొనుటకు ఆలస్యమగుచుండెను. ఉమ్మనీరు ఆకుపచ్చగా మారినది. పెద్ద ఆసుపత్రికి తరలింపవలెనని డాక్టరు చెప్పినది.

"ఇంకొక గంట చూడరాదా, డాక్టరమ్మగారూ? తొలి కాన్పు కదా, ఆలస్యము కాకుండునా?" అని గర్భిణి తల్లి కన్నీటితో అడిగినది.

"ఆలస్యమును గురించి కాదమ్మా నా భయము. లోపల బిడ్డ అలసిపోవుచున్నది. ఆ గంట మనకు మిగిలినదో లేదో చెప్పలేము" అని డాక్టరు బదులు చెప్పినది.

2005లో నాటి ఆంధ్రప్రదేశమున ఆరంభమై, పిదప అనేక రాష్ట్రములకు వ్యాపించిన 108 వాహనము వచ్చినది. ఆశా కార్యకర్త తోడుగా ఎక్కినది. పెద్ద ఆసుపత్రిలో వైద్యులు కారణమును వివరించి, సమ్మతి పత్రముపై సంతకము తీసికొని, వెన్నులో మత్తుసూది ఇచ్చి సిజేరియన్ ఆపరేషను చేసిరి. ఆడపిల్ల పుట్టినది, వెంటనే ఏడ్చినది. నర్సు ఆ పాపను తెచ్చి, మెలకువగానే యున్న తల్లి చెంపకు ఆనించినది.

ఇంతవరకు అంతయు శుభమే. కాని మరునాడు బాలింత మౌనముగా గోడవైపు తిరిగి పండుకొన్నది. "అందరివలె నేను కనలేకపోతిని" అని ఆమె బాధ. చూడవచ్చిన బంధువొకామె, "పాపము, కడుపు కోసి తీసినారట గదా!" అన్నది. ఆ మాట విని బాలింత అత్తగారు ఇట్లు చెప్పినది: "ఆ మాట అనకమ్మా. నా తొలి కాన్పు ఇంటిలోనే జరిగినది. మంత్రసాని రెండు రాత్రులు కూర్చున్నది. బిడ్డ దక్కలేదు. కడుపుకోత యనిన నాది. నా కోడలికి దక్కినది కూతురు." బాలింత ఇటు తిరిగి పాపను చేతులలోనికి తీసికొన్నది.

ఏర్పాట్లు మారుటకు కారణములనేకములు. నెలలు నిండిన గర్భిణులలో నూటికి ముగ్గురు, నలుగురికి బిడ్డ అడ్డము తిరిగియో, పిరుదులు క్రిందుగానో ఉండును. కొందరికి మావి గర్భద్వారమునకు అడ్డుగా నుండి రక్తస్రావమగును. కొందరికి రక్తపు పోటు హెచ్చి మూర్ఛలు వచ్చును. కొందరికి 37 వారములు నిండకమునుపే నొప్పులు వచ్చును. ఇవి తల్లి చేసిన తప్పులు కావు. ఆమె చేతకానితనమును కాదు. 2001-03 నాటికి మన దేశమున లక్ష సజీవ జననములకు 301 మంది తల్లులు ప్రసవ సంబంధ కారణములచే మరణించుచుండిరి. 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు తగ్గినది. సకాలమున ఆసుపత్రికి చేరుట ఈ మార్పునకు ఒక ముఖ్య కారణము.

ఆపరేషను జరిగిన తల్లికి పాలు పడవను మాట సరికాదు. వెన్నులో మత్తుసూది తీసికొన్న తల్లి మెలకువగానే యుండును గనుక, నర్సు సాయముతో మొదటి గంటలోనే బిడ్డను రొమ్మున పట్టవచ్చును. ప్రక్కకు ఒత్తిగిలి పండుకొని పాలిచ్చినచో కుట్లపై భారము పడదు. చిక్కగా, పసుపుపచ్చగా నుండు ముర్రుపాలు పారబోయదగినవి కావు. అవి బిడ్డకు రోగములనుండి రక్షణ నిచ్చును. తేనె, పంచదార నీరు, ఆముదము నాలుకకు రాయరాదు. ఆరు నెలల వరకు తల్లిపాలే బిడ్డకు ఆహారము, పానీయము. బాలింతకు దాహము తీర నీరు ఈయక, కారపుపొడి అన్నముతోనే సరిపెట్టు పథ్యము హానికరము. వైద్యులు అనుమతించిన పిమ్మట పప్పు, ఆకుకూరలు, పాలు, గ్రుడ్డు ఆమెకు కావలెను.

బిడ్డ నెలతక్కువగా పుట్టినను, బరువు తక్కువగా నున్నను, నవజాత శిశువుల ప్రత్యేక విభాగమున ఉంచవచ్చును. బిడ్డను తనకు దూరము చేసిరని తల్లి కుంగిపోరాదు. పిండిన పాలను గిన్నెతోనో, గొట్టముతోనో బిడ్డకు పట్టుదురు. వైద్యులు చెప్పినప్పుడు బిడ్డను తల్లి తన వక్షముపై చర్మమునకు చర్మము తాకునట్లు ఆనించుకొనవలెను. ఆ వెచ్చదనము బిడ్డ ఎదుగుదలకు మందువలె పనిచేయును. తండ్రియు, అమ్మమ్మయు, నాయనమ్మయు ఈ పనిలో పాలుపంచుకొనవచ్చును.

మార్పు వచ్చిన తరువాత పరుగులెత్తుటకంటె, ముందుగనే రెండవ ఏర్పాటు చేసికొనుట మేలు. ఎనిమిదవ నెల నాటికే ఇంటివారు ఈ క్రింది విషయములు నిశ్చయించుకొనవలెను:

1. అవసరమైనచో చేరవలసిన పెద్ద ఆసుపత్రి ఏది, రాత్రివేళ వాహనమెట్లు?
2. గర్భిణి రక్తపు వర్గమేది, రక్తమీయగల వారెవరు?
3. భర్త ఊరిలో లేనిచో నిర్ణయమునకు ఆమెకు తోడుండు పెద్ద యెవరు?
4. తల్లీబిడ్డల రక్షణ కార్డు, పరీక్షల కాగితములు, శుభ్రమైన గుడ్డలు ఒకే సంచిలో నున్నవా?

రక్తస్రావము, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారుట, మూర్ఛ, జ్వరము, నొప్పులు లేకయే ఉమ్మనీరు పోవుట, బిడ్డ కదలికలు తగ్గుట, పండ్రెండు గంటలు మించిన నొప్పులు: వీనిలో ఏ ఒక్కటి కనిపించినను క్షణమైన ఆలస్యము కూడదు. ఖర్చునకు జంకనక్కరలేదు. 2011లో ఆరంభమైన జనని శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, ఆపరేషను, మందులు, రక్తము, రాకపోకల వాహనము ఉచితము. సహజ ప్రసవమైనచో మూడు రోజులు, ఆపరేషనైనచో ఏడు రోజుల వరకు భోజనమును ఉచితమే.

అయితే అవసరము లేని ఆపరేషను మేలు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున నూటికి 21.5 కాన్పులు ఆపరేషను ద్వారా జరుగగా, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7 జరిగినవి. మంచి ముహూర్తము కొఱకు, నొప్పుల భయము చేత నెలలు నిండకయే ఆపరేషను కోరినచో బిడ్డకు ఊపిరి తీయుట కష్టము కావచ్చును. కారణమేమని డాక్టరును మర్యాదగా అడుగు హక్కు ప్రతి కుటుంబమునకు కలదు. అవసరమని తెలిసినప్పుడు వెనుదీయరాదు; అవసరము లేనప్పుడు తొందరపడరాదు.

ఇంటికి వచ్చిన బాలింత ఆరు వారములు బరువులెత్తరాదు. కుట్లు ఎఱ్ఱబారినను, చీము పట్టినను, జ్వరము వచ్చినను ఆసుపత్రికి పోవలెను. మొదటి దినములలో కారణము లేని కన్నీరు అనేకులకు సహజము. రెండు వారములు దాటినను దిగులు వీడనిచో ఆశా కార్యకర్తకు గాని డాక్టరుకు గాని తెలుపవలెను. అదియు వైద్యమునకు లొంగు బాధయే. మరల గర్భము ధరించుటకు కనీసము రెండేండ్లు ఆగి, తదుపరి కాన్పు తప్పక ఆసుపత్రిలోనే జరుపుకొనవలెను. మొదటిది ఆపరేషనైనను రెండవది సహజముగా జరుగుట కొందరికి సాధ్యమే. దానిని వైద్యులు పరీక్షించి చెప్పుదురు.

ఆ పాపకు మూడవ వారమున బారసాల జరిగినది. తండ్రి సెలవుపై వచ్చినాడు. అటకమీదినుండి దింపిన ఉయ్యాల తలచిన నాటికంటె కొన్ని దినములు ఆలస్యముగా ఊగినది. పేరంటాండ్రు కాన్పు ఎట్లు జరిగినదని అడుగలేదు; పాప ఎవరి పోలికయని అడిగిరి.