మిషన్‌కు చెకింగ్ ఉన్నది.. మనసుకేది?

మా పెద్దబాపుకు గుండెల ఐసీడీ పెట్టి రెండేండ్లయితున్నది. ఆర్నెల్లకోసారి చెకింగుకు నేనే తోల్కపోత. ఛాతి మీద రిమోట్ అసోంటిది పెడ్తరు, కంప్యూటర్ల అన్నీ కనవడ్తయి. బ్యాటరీ ఎంతున్నది, వైరు మంచిగున్నదా, గుండె ఏ దినం ఎట్ల కొట్టుకున్నది. పది నిమిషాల్ల "మిషన్ ఓకే" అంటరు, బయటికొస్తం. మిషన్ ఓకేనే. మనిషే ఓకే లేడు. గా సంగతి ఎవరడగలే. నిజం చెప్పాల్నంటే నేను గూడ అడగలే.

ఐసీడీ అంటే పేస్‌మేకర్ లెక్కనే కాలర్ బోన్ కింద, తోలు లోపట పెట్టే చిన్న డబ్బా. పేస్‌మేకర్ మెల్లగైన గుండెను నడిపిస్తది. ఐసీడీ అయితే, గుండె లయ తప్పి పానం మీదికొచ్చినప్పుడు లోపట్నుంచే షాక్ కొట్టి దారికి తెస్తది. 1980ల అమెరికాల, బాల్టిమోర్‌ల మొదటిసారి మనిషికి పెట్టిన్రు. దాన్ని తయారుచేసిన డాక్టర్ మిషెల్ మిరోవ్‌స్కీ. తనకు గురువు అసోంటి డాక్టర్ గుండె లయ తప్పి సచ్చిపోయినంకనే ఆయన ఈ పని నెత్తికెత్తుకున్నడు.

గా షాక్ మామూలుగుండదు. గుర్రం ఛాతి మీద తన్నినట్టుంటదని తిన్నోళ్లు చెప్తరు. మల్ల ఎప్పుడొస్తదో తెల్వదు. మా పెద్దబాపుకు బాయికాడ మోటరేస్తుంటే వచ్చింది. గప్పట్నుంచి బాయికాడికే పోతలేడు. తర్వాత బజారు బందైంది. తానానికి పోతే తలుపు గొళ్లెం వెట్టడు. మేం "రెస్ట్ తీసుకుంటున్నడు" అనుకున్నం. పెద్దమ్మకైతే ఆయన్ను ముట్టాల్నంటేనే బుగులు, తనకు గూడ షాక్ కొడ్తదని. అది ఉత్త భయం. గా టైముల ముట్టుకున్నా కొద్దిగ జుమ్మంటదేమో గనీ ఏం గాదు.

ఐసీడీ ఉన్నోళ్లల్ల దాదాపు ఐదుగుర్ల ఒకరికి పట్టించుకోవాల్సినంత రందో బుగులో ఉంటదని పరిశోధనలు చెప్తున్నయి. కొంతమంది నిద్రల షాక్ కొట్టినట్టయి లేచి కూసుంటరు, మిషన్ల సూస్తే ఏం ఉండదు. ఫాంటమ్ షాక్ అంటరు దీన్ని. "యాక్టింగ్ జేస్తున్నడు" అనకుండ్రి. మిషన్ కొట్టకపోయినా ఆయనకు తాకింది నిజమే.

దీన్ని పట్టుకునేటందుకు స్కానింగులు అవసరం లేదు. పీహెచ్‌క్యూ-2 అని రెండే ప్రశ్నలు. పోయిన రెండు వారాలల్ల ఏ పని మీదా ఇంట్రెస్ట్, సంబురం లేకుంట ఎన్ని దినాలున్నవు? మనసు కుంగి, ఆశ లేకుంట ఎన్ని దినాలున్నవు? అసలే లేదంటే 0, కొన్ని దినాలంటే 1, సగం దినాలకన్నా ఎక్కువంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండు కలిపి 3గానీ, అంతకన్నా ఎక్కువగానీ వస్తే జబ్బు ఖాయమని కాదు, ఇంకా లోతుగ అడుగాలె అని. బుగులుకు జీఏడీ-7 అని ఏడు ప్రశ్నలది వేరే ఉన్నది. గుండెజబ్బు ఉన్నోళ్లను ఈ రెండు ప్రశ్నలు అడుగుండ్రని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లనే చెప్పింది. మన దిక్కు ఓపీ లైన్ సూస్తే డాక్టర్లను తిట్టబుద్ధి గాదు. గనీ బ్యాటరీకి పది నిమిషాలున్నప్పుడు మనిషికి రెండు నిమిషాలు దొర్కవా?

గందుకే తోల్కపోయే మనమే అడుగాలె. "రందిగున్నదా పెద్దబాపూ" అంటే "ఏం లేదు బిడ్డా" అన్నడు. ఎన్ని దినాలని లెక్క అడిగితే జరసేపు సప్పుడు జేయలే. తర్వాత "రోజూ" అన్నడు. రెండిటికీ గదే జవాబు. ఆరుకు ఆరు.

నిద్ర పడ్తలేదని ఆర్‌ఎంపీ కాడ గోలీలు తెచ్చెయ్యకుండ్రి. మనసు మందులల్ల కొన్ని గుండె లయను తిప్పుతయి, గుండె డాక్టర్‌కు తెల్వాలె. కౌన్సెలింగ్ మంచిగ పనిచేస్తది. 14416 టెలీ మానస్‌కు కొడితే పైసలు లేకుంట తెలుగులనే మాట్లాడ్తరు, రాత్రయినా సరే. ఒక్క షాక్ వచ్చి మనిషి మంచిగుంటే డాక్టర్‌కు ఫోన్ చెయ్యుండ్రి. ఎంటెంట వచ్చినా, సోయి తప్పినా 108.

మొన్న చెకింగుల చిట్టి రాసిచ్చిన. డాక్టర్ సదివి, కుర్చీ దగ్గరికి జరుపుకొని "బాయికాడికి ఎందుకు పోతలేరు?" అని అడిగిండు. మిషన్ల గా దినం లెక్క తీసి, షాక్ మోటరుతోని రాలే, గుండె లయ తప్పితే వచ్చిందని చూపెట్టిండు. కౌన్సెలింగుకు గూడ రాసిండు. పెద్దబాపు ఇంకా బాయికాడికి పోలే. పొద్దుగాల వాకిట్ల గద్దె మీదికొచ్చి కూసుంటున్నడు.