అరువు పేర్లు పక్కన పెడితేనే విశాఖ

కొత్తగా పెళ్లయిన జంట మొదటిసారి విశాఖపట్నం వెళ్తోందని తెలిస్తే చాలు, సలహాలకు కొదవుండదు. విచిత్రమేమిటంటే ఆ సలహాల్లో విశాఖ కంటే వేరే ఊళ్ల పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. విశాఖ ‘తూర్పు తీరపు గోవా’, అరకు ‘ఆంధ్రా ఊటీ’, లంబసింగి ‘ఆంధ్రా కాశ్మీర్’. ముద్దుగా పెట్టుకున్న పేర్లే కదా, తప్పేముందనిపిస్తుంది. కానీ పేరు వెంట ఆశ కూడా వస్తుంది. గోవా అన్నాక సముద్రంలో మునిగే సూర్యుణ్ని, ఊటీ అన్నాక మిట్టమధ్యాహ్నం కూడా వణికించే చలిని, కాశ్మీర్ అన్నాక నేలంతా పరుచుకున్న తెల్లటి మంచును వెతుక్కుంటారు. అవి అక్కడ ఉండవు. ఉన్నవాటిని చూడటానికి టైమ్ మిగలదు. విశాఖ యాత్ర గురించి చలామణీలో ఉన్న అపోహల్ని ఒక్కొక్కటిగా విప్పి చూస్తే చాలావాటి మొదలు ఈ అరువు పేర్లలోనే తేలుతుంది.

అపోహ: సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుంటే సముద్రంలో సూర్యాస్తమయం చూడొచ్చు

వాస్తవం: గోవాది పడమటి తీరం, విశాఖది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేచి, ఊరి వెనకున్న కొండల చాటుకు దిగుతాడు. బడిలో నేర్చుకున్న సంగతే అయినా సినిమా పాటలు, ఫొటోలు దాన్ని మరిపిస్తాయి. విశాఖ తీరం నిటారుగా ఉత్తర దక్షిణాలుగా కూడా ఉండదు. నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. అంటే బీచ్‌లో నిలబడ్డవాళ్లకు సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది. అందుకే డిసెంబరులో సూర్యుడు దాదాపు ఎదురుగా నీళ్ల మీద పొడుస్తాడు, జూన్‌లో బాగా ఎడమకు, కైలాసగిరి ఉన్న వైపుకు జరుగుతాడు. ఊరు తూర్పున ఉండటం వల్ల హైదరాబాద్ కంటే సుమారు 20 నిమిషాలు ముందే తెల్లవారుతుంది, అంతే ముందుగా చీకటి పడుతుంది. సూర్యోదయం జూన్‌లో 5.20 ప్రాంతంలో, జనవరిలో 6.30 ప్రాంతంలో. హైదరాబాద్ అలవాటుతో ‘సాయంత్రం ఆరున్నరకు బీచ్‌కి వెళ్దాం’ అనుకున్న జంటకు చలికాలంలో మిగిలేది చీకటే.

తెల్లవారుజామున లేవడానికా హనీమూన్‌కి వెళ్లేది అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు కూడా ఈ తీరం దిక్కులోనే ఉంది. పడమటి తీరంలో దొరకని ఒక సాయంత్రపు దృశ్యం తూర్పు తీరానికి దక్కింది. పౌర్ణమి నాడు ఒకవైపు పొద్దు కుంకుతుంటే మరోవైపు చంద్రుడు సముద్రంలోంచి పైకి వస్తాడు. మరునాడైతే ముప్పావు గంటో, ఇంకాస్తో ఆలస్యంగా వస్తాడు. ఆ రెండు రోజుల్లో ఒకటి చేతికందేలా టికెట్లు తీసుకుంటే పొద్దున్నే లేవాల్సిన పనే లేదు. మిగతా రోజుల్లోనూ సాయంత్రపు బీచ్ వృథా కాదు. సముద్రపు గాలి, మురీ మిక్చర్ పొట్లం, రేవులోకి పిలుపు కోసం లంగరు వేసుకున్న ఓడల దీపాలు ఉంటాయి. అస్తమయమే కావాలంటే మాత్రం బీచ్ వదిలి కైలాసగిరి ఎక్కాలి. అక్కడి నుంచి ఒకవైపు వంపు తిరిగిన తీరం, మరోవైపు కొండల మీదికి వాలే సూర్యుడు రెండూ కనిపిస్తాయి.

అపోహ: బీచ్ అన్నాక నీళ్లలో దిగాల్సిందే, అలలు తక్కువున్న చోటు చూసుకుంటే చాలు

వాస్తవం: ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. విశాఖ తీరంలో చాలాచోట్ల నాలుగడుగులు వేసేసరికే నేల చప్పున లోతుకు దిగిపోతుంది. ఒడ్డుకు చేరిన అలల నీరు వెనక్కి వెళ్లడానికి సన్నటి దారి చేసుకుని వేగంగా లోపలికి లాగుతుంది. ఆ దారి మీద అలలు విరగవు కాబట్టి చూసేవాళ్లకు అదే ప్రశాంతంగా కనిపిస్తుంది. అంటే ‘అలలు తక్కువున్న చోటు’ అని ఎంచుకున్నదే ఒక్కోసారి మృత్యుముఖం. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. తీరం వెంబడి పక్కకు ఈది ఆ ప్రవాహం దాటాకే ఒడ్డుకు రావాలి. గోవాలోనూ ఇలాంటి ప్రవాహాలు ఉంటాయి. అక్కడ దిగొచ్చు కాబట్టి ఇక్కడా దిగొచ్చనుకోవడం రెండు తీరాలకూ వర్తించని లెక్క. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో రుషికొండకు వచ్చింది కదా అంటే, అది బీచ్‌లో కొంత మేరకు వచ్చిన గుర్తింపు, ఊరి తీరమంతటికీ ఇచ్చిన హామీ కాదు. లైఫ్‌గార్డులు ఉన్నచోట, హద్దులు గుర్తు పెట్టిన మేరకే దిగాలి. మూడువైపులా కొండలతో ముచ్చటగా ఉండే యారాడ తీరం కళ్లతో చూసుకోవడానికే.

అపోహ: విశాఖ కొత్త ఊరు, బీచ్, సబ్‌మెరైన్ తప్ప చూసే చరిత్ర లేదు

వాస్తవం: రేవు ప్రారంభమైంది 1933లో, ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. కాబట్టి ఊరు నిన్నమొన్నటిదన్న భావన సహజం. సబ్‌మెరైన్‌నీ తక్కువ చేయక్కర్లేదు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ కురుసుర 1971 యుద్ధకాలంలో గస్తీ తిరిగింది, 2001లో సేవల నుంచి విరమించింది, మరుసటి ఏడాది నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలిచింది. ఇరుకు ద్వారాల్లోంచి వంగి వంగి నడుస్తుంటే మనుషులు అందులో వారాల తరబడి ఎలా బతికారో ఒంటికి తెలుస్తుంది. ఎదురుగా 2017 నుంచి టీయూ-142 విమానం కూడా ఉంది. అయితే చాలా జంటలు ఇక్కడితో చరిత్ర పాఠం ముగించి షాపింగ్‌కి వెళ్లిపోతాయి. అసలు కథ భీమిలి రోడ్డు మీద మొదలవుతుందని వాళ్లకు చెప్పేవారుండరు.

ఊరి నుంచి భీమిలి వైపు పదిహేను కిలోమీటర్లు వెళ్తే తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చిన పేరది. 1988లో మొదలైన తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడి సముద్రం పర్యాటకుల కోసం కాదు, వర్తకం కోసం పనిచేసిందనడానికి ఆ నాణేలే సాక్ష్యం. కొండ మీద నిలబడి చూస్తే సముద్రం కనిపించే చోటే బౌద్ధులు విహారాన్ని ఎందుకు కట్టుకున్నారో అర్థమవుతుంది. మరికొంత ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. పేరులో మట్టి ఉన్నా నిజానికి అవి ఎర్రబారిన ఇసుక దిబ్బలు. గాలి, సముద్రమట్టాల మార్పు, వాన కలిసి వేల ఏళ్లపాటు పేర్చి, మళ్లీ కోసిన లోయలు. 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందాయి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. గట్టిగా కాలు మోపితే రాలిపోయే అంచులవి. పేర్లు చెక్కడానికి, ఫొటో కోసం ఎక్కడానికి కావు. రోడ్డు చివర భీమిలి. డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్, 1861లోనే మున్సిపాలిటీగా ఏర్పడ్డ చరిత్ర, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు. బాలచందర్ 1978లో తీసిన ‘మరో చరిత్ర’ ప్రేమజంట తిరిగింది ఈ తీరాల్లోనే. ఆ సినిమాలోని తీరం కోసం వెతికే జంటకు భీమిలి చాలు, గోవా అక్కర్లేదు.

సింహాచలం గుడి విషయంలో మరో పొరపాటు ఉంది. గర్భగుడిలో వరాహ నరసింహస్వామి రూపాన్ని చూస్తామనుకుని వెళ్లి, చందనం ముద్దగా లింగాకారంలో ఉన్న మూర్తిని చూసి తికమకపడేవాళ్లు ఉంటారు. నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజే, వైశాఖ శుద్ధ తదియ నాటి చందనోత్సవంలో. ఆ రోజు రద్దీని తట్టుకోగలిగితేనే వెళ్లాలి. మామూలు రోజుల్లో తీరిగ్గా వెళ్తే పదకొండో శతాబ్దం చివరి నాటి కులోత్తుంగ చోళుడి శాసనం మొదలు కృష్ణదేవరాయల రాక వరకు ఆ గోడలు చెప్పే సంగతులు చాలా ఉన్నాయి.

అపోహ: అరకు, బొర్రా గుహలు ఒక్కరోజులో చుట్టేసి రావచ్చు

వాస్తవం: రావచ్చు, కానీ చూసి రాలేరు. విశాఖ నుంచి బొర్రా సుమారు 90 కిలోమీటర్లు, అరకు 115. రానూపోనూ 230 కిలోమీటర్లలో చాలాభాగం ఘాట్ రోడ్డు. రోజంతా కారులో గడిచాక మిగిలేది నడుంనొప్పే. ఊటీ పేరు ఇక్కడ ఇంకో తప్పుదారి పట్టిస్తుంది. ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది, అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున. అందుకే అరకులో మధ్యాహ్నం ఎండ కాస్తుంది. అరకు అందం పొద్దునా సాయంత్రమూ ఉంటుంది. సరిగ్గా ఆ రెండు పూటలూ ఒక్కరోజు యాత్రికులు రోడ్డు మీద ఉంటారు. రాత్రి అక్కడే బస చేస్తేనే లెక్క కుదురుతుంది.

వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు మేలు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన కిరండూల్ లైను మీద నడిచే రైలు ఇది. 58 సొరంగాలు దాటుతూ కొండలెక్కుతుంది. 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీ ఉంది, దానికి టికెట్లు ముందే తీసుకోవాలి. అరకులో సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెరిగే కాఫీ తోటల్ని పళ్లు ఎర్రబడే నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య చూడాలి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొర్రా గుహల దగ్గర మరో అపోహ ఎదురవుతుంది. 1807లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ వీటిని కనుగొన్నాడని పుస్తకాలూ గైడ్లూ ఒకే మాట చెబుతారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో. పైగా చుట్టుపక్కల గిరిజనులు లోపలి శిలను శివలింగంగా కొలుస్తున్న గుహను ఎవరో వచ్చి ‘కనుగొనడం’ ఏమిటి? తేదీ కంటే గోస్తనిని గుర్తుపెట్టుకుంటే మేలు. ఇక్కడి సున్నపురాయిని కరిగిస్తూ బయల్దేరిన నీరే భీమిలి దగ్గర సముద్రాన్ని చేరుతుంది. భీమిలి, బొర్రా రెండూ చూసిన జంట ఒక నదిని మొదటి నుంచి చివరిదాకా చూసినట్టే.

అపోహ: లంబసింగిలో మంచు కురుస్తుంది

వాస్తవం: ఈ అపోహకు కాశ్మీర్ పేరెంత కారణమో మన భాష కూడా అంతే కారణం. కురిసే మంచు, పొగమంచు, ఆకుల మీది మంచుబిందువులు, గడ్డకట్టిన పొర, అన్నిటికీ తెలుగులో ‘మంచు’ ఒక్కటే మాట. లంబసింగిలో ఉండేది దట్టమైన పొగమంచు, బాగా చలిగా ఉన్న రోజుల్లో గడ్డి మీద గడ్డకట్టిన పొర. మబ్బు లేని రాత్రుల్లో నేల వేడి పైకి పోవడం వల్ల వచ్చే చలి ఇది. మబ్బే లేనప్పుడు మంచు ఎలా కురుస్తుంది? పాడేరు దగ్గర వంజంగి కొండ మీద కనిపించే మేఘసముద్రం కూడా అలాంటిదే. రాత్రి చల్లబడ్డ గాలి లోయలోకి దిగి పొగమంచై నిండుతుంది. ఎండ ముదిరితే కరిగిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో, సూర్యోదయానికి ముందే కొండ మీద ఉండాలి.

అపోహ: దసరా సెలవులే అనువైన కాలం

వాస్తవం: విశాఖలో బాగా వానలు పడే నెలల్లో అక్టోబరు ముందుంటుంది, బంగాళాఖాతంలో తుపాన్ల కాలమూ అదే. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. సెలవులు అప్పుడే దొరుకుతాయన్నవాళ్లు వెళ్లొచ్చు, జలపాతాలు నిండుగా ఉండేదీ అప్పుడే. రద్దు చేసుకోగల టికెట్లు తీసుకుని, వాతావరణ హెచ్చరికలు చూసుకుంటే చాలు. వీలున్నవాళ్లకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మేలు.

తెలియని ఊరిని తెలిసిన ఊరితో పోల్చకుండా ఎలా పరిచయం చేస్తామన్నది చివరి అభ్యంతరం. పోల్చడం తప్పు కాదు. ఎక్కడ కలుస్తాయో చెప్పి, ఎక్కడ విడిపోతాయో దాచిపెట్టడమే తప్పు. ‘గోవాలాంటిదే, కానీ సూర్యుడు అటునుంచి ఇటు’ అని ఒక్క మాట చేర్చినా సగం అపోహలు పోతాయి. నాలుగు రోజులుంటే ఒకరోజు ఊరు, సింహాచలం. ఒకరోజు భీమిలి రోడ్డు. రెండు రోజులు బొర్రా, అరకు. రెండే రోజులుంటే అరకును మనసులోంచి తీసేసి భీమిలితో సరిపెట్టుకోవడం ఉత్తమం. పెళ్లి ముహూర్తానికి తిథి చూసి ఎన్నో రోజులు కాని జంటే కదా! టికెట్లు తీసుకునే ముందు అదే పంచాంగం మరోసారి తెరిస్తే పౌర్ణమి ఎప్పుడో తెలిసిపోతుంది.